పెట్ డోర్: తలుపుకు కన్నం పెట్టే ముందు – కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో తలుపులు, కిటికీలు చేసి బిగించడం నా వృత్తి. కుక్కకో పిల్లికో తలుపులో చిన్న దారి, అంటే పెట్ డోర్, పెట్టించుకోవాలని వచ్చేవారు ఒకప్పుడు ఏడాదికి ఒకరిద్దరు ఉండేవారు. ఇప్పుడు దాదాపు ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతున్నారు. వారిలో ఎక్కువ మంది ముందే ఆన్‌లైన్‌లో ఒకటి కొనుక్కొని, డబ్బా చేతికిచ్చి, ‘దీన్ని బిగించండి’ అంటారు. ‘తలుపుకు అవతల ఏముంది? తలుపు దేనితో చేసినది?’ అని నేను అడిగే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాక, ఆ డబ్బాల్లో సగం దుకాణానికి తిరిగి వెళ్లిపోతాయి. ఈ పనిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కుక్క ఎంత ఎత్తు ఉంటుందో పెట్ డోర్ అంత ఎత్తు ఉండాలి.

వాస్తవం: తల ఎత్తుతో పని లేదు. కుక్క ఇరుకు దారిలోకి వెళ్లేటప్పుడు సహజంగానే తల దించుతుంది. కొలవవలసినవి మూడు. మొదటిది భుజాల మీద, మెడ మొదలయ్యే చోట, నేల నుంచి ఉండే ఎత్తు. ఫ్లాప్ (దారికి వేలాడుతూ, తోస్తే తెరుచుకునే రెక్క) పై అంచు దానికంటే ఒకటి రెండు అంగుళాలు పైన ఉండాలి. రెండవది ఛాతీ దగ్గరో తుంటి దగ్గరో, ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడి వెడల్పు. దానికి కనీసం రెండు అంగుళాలు కలపాలి. మూడవది, అందరూ మరచిపోయేది, పొట్ట ఎత్తు. ఫ్లాప్ కింది అంచు పొట్ట కంటే కిందనే ఉండాలి, లేకపోతే కుక్క ప్రతిసారీ దూకవలసి వస్తుంది. సుమారు 22 అంగుళాల భుజం ఎత్తు ఉన్న లాబ్రడార్‌కు కింది అంచు నేల నుంచి 7, 8 అంగుళాల దగ్గర, పై అంచు 23, 24 అంగుళాల దగ్గర వస్తే సుఖంగా వెళ్తుంది. తుంటి కీళ్ల నొప్పి ఉన్న ముసలి కుక్కకు కింది అంచును ఇంకా దించాలి. కుక్కపిల్ల అయితే పెద్దయ్యాక ఉండబోయే కొలతకే కొని, ఎదిగేదాకా రెండు వైపులా చిన్న మెట్టో వాలుబల్లో వేస్తే సరిపోతుంది.

ఈ లెక్కలన్నీ విదేశీ కంపెనీల కాగితాల్లో ఉంటాయి. అయితే మన ఇళ్ల గడప, బాల్కనీ ఆ కాగితాల్లో ఉండవు. మన దగ్గర గడప ఒకటి నుంచి నాలుగు అంగుళాల దాకా లేస్తుంది, దాని పైనే తలుపు మొదలవుతుంది. వాన నీరు గదిలోకి రాకుండా బాల్కనీ నేలను గది నేల కంటే రెండు మూడు అంగుళాలు దించి కడతారు. పెరటి వైపైతే ఒక మెట్టు మొత్తం దిగవలసి ఉండవచ్చు. గది లోపలి నుంచి కొలిచినప్పుడు 7 అంగుళాలుగా ఉన్న కింది అంచు, బాల్కనీలో నిలబడిన కుక్కకు 9, 10 అంగుళాలు అవుతుంది, మెట్టు ఉన్న చోట ఇంకా ఎక్కువ. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనే ఈ పొరపాటు చేశాను. లోపలి కొలత మాత్రమే తీసుకొని కోసేశాను. ఆ ఇంటి ముసలి లాబ్రడార్ ఉత్సాహంగా బయటికి వెళ్లి, తిరిగి రావడానికి కాలెత్తలేక, అక్కడే కూర్చొని మొరగడం మొదలుపెట్టింది. చివరికి బయట నా ఖర్చుతో ఒక గ్రానైట్ మెట్టు వేయించాను. అప్పటి నుంచి ఎత్తుగా ఉన్న వైపు కాకుండా, పల్లంగా ఉన్న వైపు నిలబడి కొలవడం నాకు అలవాటైంది.

అపోహ: రంపం ఉంటే ఏ తలుపుకైనా, ఏ గోడకైనా పెట్టవచ్చు.

వాస్తవం: బాల్కనీ అద్దం తలుపుల దగ్గరే ఈ మాట బెడిసికొడుతుంది. వాటిలో సాధారణంగా టఫెన్డ్ గ్లాస్ ఉంటుంది. అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ పైగా వేడిచేసి, ఒక్కసారిగా గాలితో చల్లార్చి దాన్ని తయారు చేస్తారు. పై పొర నొక్కుకుపోయి, లోపలి పొర లాగబడి ఉండటమే దాని బలం. అందువల్ల తయారైన తర్వాత దాన్ని కోయడానికి గాని, తొలవడానికి గాని వీలుండదు. ప్రయత్నిస్తే మొత్తం పలక చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. రంధ్రం కావాలంటే కొలత ఇచ్చి, ముందు కోయించి, ఆ తర్వాతే టఫెన్ చేయించిన కొత్త అద్దం తెప్పించుకోవాలి. అద్దె ఇంట్లో ఉన్నవారికి దీనికంటే తేలికైన మార్గం ఉంది. స్లైడింగ్ తలుపు నడిచే పట్టాలో నిలువుగా ఇమిడే సన్నని అల్యూమినియం ప్యానెల్ ఒకటి చేయించి, దాని అడుగున పెట్ డోర్ అమర్చుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని ఊడదీసి వెంట తీసుకుపోవచ్చు. అయితే ప్యానెల్ వచ్చాక తలుపు పూర్తిగా మూసుకోదు కనుక పాత గొళ్లెం పనికిరాదు. వేరే తాళం ఏర్పాటు చేయించుకోవాలి.

చెక్క తలుపుల్లోనూ తేడాలున్నాయి. రెండు వైపులా చదునుగా, లోపల చెక్క నిండుగా ఉండే ఫ్లష్ డోర్‌ను కోయడం సులువు. లోపల బోలుగా ఉండే చవక రకాన్ని కోస్తే మధ్యలో ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీలో నాలుగు వైపులా చెక్క పట్టీలు దూర్చి జిగురుతో బిగించకపోతే, ఫ్రేము స్క్రూలు బిగించేకొద్దీ తలుపు రెండు పలకలూ లోపలికి నొక్కుకుపోతాయి. టేకు ప్యానెల్ తలుపులో చుట్టూ ఉండే చట్రం ఒకటిన్నర అంగుళం మందం ఉంటే, మధ్య పలక అర అంగుళం కూడా ఉండకపోవచ్చు. ఆ పలకలో ఇమిడే కొలతనే ఎంచుకోవాలి, అడ్డ చట్రాన్ని కోయకూడదు. దాన్ని కోస్తే తలుపు కొన్నాళ్లకు కుంగుతుంది. ఏ చెక్క తలుపైనా కోసిన అంచులకు ప్రైమరో వార్నిషో రెండు పూతలు పూసి ఆరనిచ్చిన తర్వాతే ఫ్రేము బిగించాలి. తొందరపడి ఈ పని వదిలేస్తే, మొదటి వానాకాలానికే ప్లైవుడ్ నీరు పీల్చి ఉబ్బి, తలుపు గడపకు పట్టేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో డబ్బాతో వచ్చే మామూలు స్క్రూలు ఉప్పు గాలికి తుప్పు పడతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడాలి.

గోడల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఇటుక గోడలో తొలవవచ్చు, అయితే లోపల కరెంటు పైపులు, నీటి పైపులు ఎక్కడ పోతున్నాయో ముందు తెలియాలి. తొమ్మిది అంగుళాల గోడలో దారి ఒక చిన్న సొరంగంలా ఉంటుంది కనుక దాని అడుగు బయటి వైపుకు కాస్త వాలి ఉండాలి, లేకపోతే వాన నీరు లోపలికి వస్తుంది. నగరంలో ఇటీవల కడుతున్న ఎత్తైన భవనాల్లో చాలా వాటికి ఇటుక గోడలే ఉండవు. మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో, పోసిన కాంక్రీటు గోడలే భవనం బరువును మోస్తాయి. అలాంటి గోడకు ఎంత అడిగినా నేను రంధ్రం పెట్టను. మంటలను ఆపడానికి ధ్రువీకరణ పొందిన ఫైర్ డోర్ విషయంలోనూ నా జవాబు ఇదే, ఎందుకంటే కోసిన మరుక్షణం ఆ ధ్రువీకరణకు విలువ ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు కొందరు, పెంపుడు జంతువులను సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను చూపిస్తారు. అవి జంతువును పెంచుకోవడం గురించినవి; బయటికి కనబడే తలుపునో గోడనో మార్చాలంటే సంఘాన్ని వేరుగా అడగవలసిందే. సింహద్వారానికి కన్నం పెడితే వాస్తు దోషమా అని కూడా అడుగుతుంటారు. వాస్తు నాకు తెలియదు. సింహద్వారం అవతల కారిడారు, లిఫ్టు, పక్కింటి పిల్లలు ఉంటారు కనుక అక్కడ పెట్టవద్దని మాత్రం చెబుతాను.

అపోహ: పెట్ డోర్ అంటే దొంగను పిలవడమే.

వాస్తవం: కొంపల్లిలో ఒక విల్లాకు కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటి బామ్మగారు, ‘దొంగలు కన్నం వేస్తారని విన్నాం గానీ, డబ్బిచ్చి మనమే వేయించుకోవడం ఇప్పుడే చూస్తున్నాం నాయనా’ అన్నారు. ఆవిడ భయంలో కొంత న్యాయం ఉంది. పిల్లి పట్టే ఆరంగుళాల దారిలో మనిషి పట్టడు. అయితే చెయ్యి దూరుతుంది, లోపలి గొళ్లెం ఆ చేతికి అందకూడదు. పెద్ద కుక్క పట్టే దారిలో సన్నని మనిషి దూరగలడు, చిన్నపిల్లలు తప్పక దూరతారు. పిల్లలున్న ఇంట్లో పెరటి సంపు మీద మూత, ఈత కొలను ఉంటే దానికి కంచె ఉన్నాయో లేదో చూడకుండా నేను పని మొదలుపెట్టను.

అయితే దొంగల కంటే ముందు ఆలోచించవలసినవారు వేరే ఉన్నారు. నగర శివార్లలో ఖాళీ ప్లాట్ల పక్కన ఉండే ఇళ్లకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, ఇళ్లలోకీ వస్తుంది. పందికొక్కు పలుచని ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. వేలు దూరేంత సందు చుంచెలుకకు చాలా ఎక్కువ. కాబట్టి అలాంటి చోట వేలాడే మెత్తని ప్లాస్టిక్ పొర ఒక్కటే ఉన్న రకం పనికిరాదు. అంచుల్లో అయస్కాంతం ఉండి గట్టిగా మూసుకునే ఫ్లాప్, దానిపై రాత్రిపూట దించి గడియ పెట్టే లోహపు పలక రెండూ ఉండాలి. చీకటి పడగానే ఆ పలకను దించడం వీధి తలుపుకు గడియ వేసినంత సహజంగా అలవాటు కావాలి. ఆ అలవాటు చేసుకోలేమనుకునేవారు పెట్ డోర్ పెట్టించుకోకపోవడమే మంచిది.

అపోహ: పిల్లి బాల్కనీ నుంచి పడదు, పడినా నాలుగు కాళ్ల మీదే వాలుతుంది.

వాస్తవం: గాలిలో ఒళ్లు తిప్పుకోగల నేర్పు పిల్లికి ఉన్న మాట నిజమే. కాళ్ల మీద వాలినా దవడ, ఛాతీ, ఎముకలు దెబ్బతింటాయి. 1987లో న్యూయార్క్ పశువైద్యులు ఎత్తైన భవనాల నుంచి పడిన 132 పిల్లులపై ఒక అధ్యయనం ప్రచురించారు. చికిత్స పొందినవాటిలో దాదాపు 90 శాతం బతికాయన్న మాటను అందరూ ధైర్యంగా చెబుతారు. అవి ఆస్పత్రిదాకా రాగలిగిన పిల్లులు. పడిన చోటే చనిపోయినవి ఆ లెక్కలోకి రాలేదు. పావురం వెంట దూకే పిల్లికి ఎన్నో అంతస్తులో ఉన్నామన్న గుర్తు ఉండదు. మూడంగుళాల ఎడంతో తీగలు కట్టిన ఇన్విజిబుల్ గ్రిల్ చిన్నపిల్లలను ఆపుతుంది గాని, సన్నని పిల్లిని ఆపదు. తల దూరిన చోట దాని ఒళ్లు కూడా దూరుతుంది. బాల్కనీకి చిన్న గళ్ల వల పైనుంచి కిందిదాకా బిగించిన తర్వాతే అక్కడ పెట్ డోర్ గురించి మాట్లాడుకోవాలి. వల పని మొదట, తలుపు పని తర్వాత. ఈ వరుస మార్చమంటే నేను ఒప్పుకోను.

అపోహ: మైక్రోచిప్ పెట్ డోర్ ఉంటే పిల్లి ఎక్కడుందో తెలిసిపోతుంది.

వాస్తవం: పిల్లి చర్మం కింద పెట్టే, బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు, అది ఎక్కడికీ సంకేతాలు పంపదు. తలుపులోని రీడరు దగ్గరికి వచ్చినప్పుడు దాని రేడియో తరంగాల శక్తితోనే తన సంఖ్యను చెబుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం అది 15 అంకెల సంఖ్య. సంఖ్య కలిస్తే గొళ్లెం వదులుతుంది, అంతే. వీధి పిల్లులు వంటింట్లోకి రాకుండా ఆపడానికి ఇది చక్కని సాధనం. అయితే స్టీలు తలుపులో నేరుగా బిగిస్తే లోహం ఆ తరంగాలకు అడ్డుపడుతుంది. చుట్టూ చెక్కదో ప్లాస్టిక్‌దో అదనపు చట్రం వేయాలి. ఇటువంటివి ఎక్కువగా పిల్లులకు, చిన్న కుక్కలకు సరిపోయే కొలతల్లోనే వస్తాయి. చిప్ లేని జంతువుకు మెడపట్టీతో తెరుచుకునే రకాలున్నాయి. పిల్లికి ఆ పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే లాగగానే విడిపోయే రకంగా ఉండాలి.

అపోహ: పిల్లి తలుపును కనిపెట్టినవాడు న్యూటన్.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ కేథడ్రల్‌లో గడియారం కింద ఉన్న తలుపుకు పిల్లి కోసం చేసిన గుండ్రని రంధ్రం 1598 ప్రాంతానిదని చెబుతారు. న్యూటన్ పుట్టింది 1642లో. పెద్ద పిల్లికి పెద్ద కన్నం, పిల్లకు చిన్న కన్నం పెట్టించాడన్న కథ సరదాగా ఉంటుంది గాని, ఆయన గదిలో పిల్లి గాని కుక్క గాని ఉండేది కాదని ఆయన దగ్గర పనిచేసిన సహాయకుడే రాశాడు.

అపోహ: పెట్ డోర్ పెడితే ఏసీ చల్లదనం, దోమతెర రెండూ వృథా.

వాస్తవం: ఒంటి ఫ్లాప్ ఉన్న చవక రకానికి ఇది కొంతవరకు నిజం. రెండు ఫ్లాపులు, అంచున బ్రష్ పట్టీ ఉన్నవాటిలో నష్టం తక్కువ. పడమటి ఎండ నేరుగా తగిలే తలుపు మీద మెత్తని ఫ్లాప్ కొన్ని వేసవులకు గట్టిపడి వంకర పోతుంది. విడిగా ఫ్లాప్ దొరికే రకమే కొనాలి. చాలా ఇళ్లలో అసలు తలుపుకు తోడు అల్యూమినియం చట్రపు దోమతెర తలుపు ఉంటుంది. పగలంతా అసలు తలుపు తెరిచే ఉంచే ఇంట్లో పెట్ డోర్‌ను ఆ తెర తలుపుకే, గోళ్లకు చిరగని గట్టి తెర వేసి, బిగించడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి పని. ఖర్చు తక్కువ, తప్పు జరిగినా పోయేది తెర ఒక్కటే, రాత్రి అసలు తలుపు వేస్తే అన్నీ మూసుకుంటాయి.

అపోహ: బిగించిన రోజు నుంచే కుక్కో పిల్లో వాడుతుంది, వాడకపోతే దాన్ని ఒకసారి అవతలికి తోస్తే సరి.

వాస్తవం: తోస్తే మాత్రం ఇక ఎప్పటికీ ఆ తలుపు దగ్గరికి రాకపోవచ్చు. మొదటి నాలుగైదు రోజులు ఫ్లాప్‌ను టేపుతో పైకెత్తి కట్టి, దారిని పూర్తిగా తెరిచి ఉంచాలి. అవతల తిండి పెట్టి, అదే వెళ్లి వచ్చేదాకా ఆగాలి. తర్వాత ఫ్లాప్‌ను సగం దించాలి, మీసాలకు, ముక్కుకు దాని స్పర్శ అలవాటు కావాలి. అయస్కాంతం చప్పుడు చివరి మెట్టు. కుక్కలు చాలావరకు రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటాయి. పిల్లులకు రెండు వారాలు పట్టవచ్చు. తీరా నేర్చుకున్నాక కూడా సగం ఒళ్లు లోపల, సగం బయట పెట్టుకొని, ఏ వైపు వెళ్లాలో తేల్చుకోకుండా పది నిమిషాలు నిలబడిపోయే పిల్లులను చూశాను. గోడ మీద పిల్లి అనే మాట ఊరికే పుట్టలేదు. ఆ పది నిమిషాలూ ఏసీ బిల్లు పెరుగుతోందని ఫోన్ చేసే యజమానులకు చెప్పగలిగే సాంకేతిక పరిష్కారం నా దగ్గర లేదు.