చేతిలో ఉన్నది కడ్డీనా, స్టిక్కా?

రిపబ్లిక్ డే దగ్గరపడితే ఢిల్లీ పోలీసులు పారాగ్లైడర్లు, హ్యాంగ్ గ్లైడర్లు, మైక్రోలైట్ విమానాలు ఎగరేయకూడదని ఉత్తర్వులిస్తారు. చదివేవాళ్లకి అన్నీ ఒకటే: గుడ్డ రెక్క, వెనక మోటారు, చెవులు హోరెత్తించే మోత. తేడా తెలియాలంటే పైలట్ చేతులు చూడాలి.

మోటారు హ్యాంగ్ గ్లైడర్‌కి మామూలుగా తోక ఉండదు. పైలట్ రెక్క కింద హార్నెస్ పట్టీలకు వేలాడతాడు, లేదా ట్రైక్ అనే మూడు చక్రాల బండిలో కూర్చుంటాడు. ఎదురుగా రెక్కకి బిగించిన ఒక అడ్డకడ్డీ. దాన్ని ముందుకు తోస్తే అతని బరువు వెనక్కి జరుగుతుంది, ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది. దగ్గరకి లాక్కుంటే ముక్కు దిగి వేగం పెరుగుతుంది. ఎడమకి తోస్తే కుడికి తిరుగుతుంది. బరువు ఎటు పోతే రెక్క అటు ఒరుగుతుంది, అంతే.

స్టిక్, అంటే పైలట్ చేత్తో పట్టుకుని విమానాన్ని తిప్పే కర్ర, ఉన్న విమానంలో ఇదంతా తలకిందులు. స్టిక్ లాగితే తోకమీది పలక కదిలి ముక్కు పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి విమానం నడిపినవాడు ట్రైక్ ఎక్కితే, నేల దగ్గరపడేసరికి చేతులు పాత అలవాటుకే పోతాయి. పైకి లేపుదామని కడ్డీ లాగుతాడు, అది కిందికి దూకుతుంది. నన్నడిగితే కొత్తవాడికంటే ఇతనితోనే టెన్షన్ ఎక్కువ.

మరి ఇలాంటి తేలికపాటి విమానాల విషయంలో వినబడే అల్ట్రాలైట్ అనే మాట? అది నడిపే పద్ధతి పేరు కాదు, తూకం పేరు. మన దగ్గర 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ బండికి లైసెన్స్ అక్కర్లేదు కదా, అలాంటిదే. అమెరికాలో 1982 నుంచి లెక్క ఇది: ఒక్కరే ఎక్కాలి, ఖాళీ బరువు 115 కిలోల లోపు, ఇంధనం 19 లీటర్లు మించకూడదు, వేగం గంటకు 102 కిలోమీటర్లు దాటకూడదు. ఈ కొలతలకి సరిపోతే కడ్డీ ఉన్నా, స్టిక్ ఉన్నా అల్ట్రాలైటే. ఇద్దరు కూర్చునే ట్రైక్ మాత్రం అక్కడ ఈ గీత దాటిపోతుంది.

అసలు ఈ గందరగోళం పుట్టుకలోనే ఉంది. 1975లో విస్కాన్సిన్‌లో జాన్ మూడీ తన హ్యాంగ్ గ్లైడర్‌కి చిన్న ఇంజన్ బిగించి, పరుగెత్తి గాల్లోకి లేచాడు. క్విక్‌సిల్వర్ అనే అల్ట్రాలైట్ సంగతి ఇంకా తమాషా. అదీ హ్యాంగ్ గ్లైడర్‌గానే మొదలైంది, కాకపోతే దీనికి తోక ఉంది. పైలట్ పక్కకి ఊగితే, అతనికి కట్టిన తాళ్లు తోక చుక్కానిని లాగేవి. బరువూ, పలకా రెండూ పనిచేసేవి. తర్వాత ఇంజన్ వచ్చింది, చక్రాలొచ్చాయి. ఎమ్ఎక్స్ మోడల్‌కి వచ్చేసరికి ఊగే సీటు పోయి చేతికి స్టిక్ వచ్చింది.