ఒంగోలు ఫిర్యాదు, హెచ్‌-4 వీసా: పరాయి దేశంలో భార్యకు ఏ చట్టం దిక్కు?

బోట్స్వానాలో ఉన్న ఒక భార్య, భర్త తనను హింసిస్తున్నాడని, అదనపు కట్నం తెమ్మంటున్నాడని ఆరోపిస్తూ అక్కడి నుంచే ఒంగోలులోని జిల్లా ఎస్పీకి ఫిర్యాదు పంపింది. 2007లో కేసు నమోదై అద్దంకి కోర్టుకు చేరింది. ఎక్కడో ఆఫ్రికాలో జరిగినదాన్ని అద్దంకిలో ఎలా విచారిస్తారన్నది భర్త వైపు వాదన.

ఆ పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. కట్నం ఇచ్చిపుచ్చుకున్నది ఇక్కడే కాబట్టి దానిపై విచారణ సాగించవచ్చు. విదేశంలో జరిగిన 498ఏ వేధింపుపై (భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా చూసే ఐపీసీ సెక్షన్ ఇది) దర్యాప్తు చేయొచ్చు, కోర్టు కేసు చేపట్టొచ్చు, కానీ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే విచారణ నడపకూడదు. అంటే కట్నం ముట్టిన ఊరు చట్టానికి అందింది, దెబ్బలు పడ్డ ఇల్లు అందలేదు. 2024లో కొత్త నేర చట్టాలు వచ్చినా ఈ అనుమతి షరతు అలాగే ఉంది. 2019లో మాత్రం కొంత మేలు జరిగింది: అత్తింటి నుంచి వచ్చేసిన భార్య పుట్టింట్లో తలదాచుకుంటే అక్కడే 498ఏ కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అమెరికా సంగతి. దొంగ పెళ్ళిళ్ళను ఆపాలని 1986లో అక్కడ ఒక చట్టం చేశారు. కొత్త భార్యకు రెండేళ్ళ షరతుతో గ్రీన్‌కార్డు ఇస్తారు, షరతు తొలగాలంటే భర్త కూడా సంతకం పెట్టాలి. కొట్టేవాడి చేతికే కలం ఇచ్చినట్టయింది. 1990లో బాధితులకు మినహాయింపు ఇచ్చారు. 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం (వావా) భర్తతో పనిలేకుండా, అతనికి తెలియకుండానే భార్య సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది.

అయితే ఆ భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి ఉండాలి. మన కావలి, కందుకూరు వైపు నుంచి సాఫ్ట్‌వేర్ సంబంధం చేసుకుని వెళ్ళే అమ్మాయి సాధారణంగా దిగేది హెచ్‌-4 మీద, అంటే భర్తపై ఆధారపడిన వీసా మీద. భర్త ఉద్యోగ వీసా హెచ్‌-1బీ ఉన్నంతకాలమే ఆమె వీసా. విడాకులైతే అదీ పోతుంది. పెళ్ళిచూపుల్లో ప్యాకేజీ ఎంతని అడిగే మనవాళ్ళు వీసా ఏమిటని అడగడం తక్కువే.

హింసకు గురైన హెచ్‌-4 భార్యలకు పని అనుమతి ఇవ్వాలన్న నిబంధన 2006 జనవరిలోనే చట్టమైంది. దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది మాత్రం 2017లో. ఆ కార్డుతో ఉద్యోగం చేసుకోవచ్చు, గ్రీన్‌కార్డు రాదు. మిగిలింది నేర బాధితుల కోసం 2000లో తెచ్చిన యు వీసా. నేరంపై దర్యాప్తుకు బాధితురాలు సహకరించిందని పోలీసులో, మరో అధికార సంస్థో ధ్రువీకరిస్తేనే దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. బాధితులకు ఇచ్చేవి ఏడాదికి 10,000 మాత్రమే, అవీ అన్ని దేశాలవాళ్ళకూ కలిపి. అందుకే అక్కడ వరస ఏళ్ళ తరబడి సాగుతోంది.