నేను అంటించిన నోటీసు

విజయనగరం,
ఆదివారం.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పెద్దమ్మాయి ఎంబీఏ రెండో ఏడాదిలో ‘నాయకత్వం, సంస్థాగత మార్పు’ అనే సబ్జెక్టు తీసుకుంటోందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ‘నాయకత్వం పుట్టుకతో రావాలి గానీ చదివితే వస్తుందా, ఫీజు దండగ’ అని కూడా అన్నాడు. ఆ మాటకు ఫోనులో జవాబు చెబుదామంటే ఎదురింట్లో పెళ్లి మైకు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చిన్నవాడు ఇంటర్లోనే ఉన్నాడు కాబట్టి ఇప్పుడు సగం అర్థమైనా చాలు.

మీ నాన్న చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఈత గురించి పుస్తకం చదివి నాగావళిలో దూకితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అయితే ఈ చదువు గొప్పవాళ్ల గుణగణాలను వల్లె వేయించేది కాదు. ఒక మిల్లులో, ఆసుపత్రిలో, బడిలో పాత పద్ధతి పోయి కొత్తది రావాలంటే మనుషుల మధ్య ఏం జరుగుతుందో గమనించడం నేర్పుతుంది. ఆ గమనింపు నాకు నలభై ఏళ్లు దాటాక గాని రాలేదు. ఆలస్యంగా వచ్చినందుకు ఏం పోగొట్టుకున్నానో ముందు చెబుతాను.

నేను జూటు మిల్లులో నేత ఖాతా (మిల్లులో విభాగాన్ని ఖాతా అనేవాళ్లం) సూపర్‌వైజర్‌గా పనిచేశానని మీకు తెలుసు. మిల్లు పేరు రాయను. మన జిల్లాలో గోగునార మీద బతికిన ఊళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటనుకోండి. 1986 వేసవిలో యాజమాన్యం ఒక నిర్ణయం తీసుకుంది. అప్పటిదాకా ఒక నేతగాడు రెండు మగ్గాలు చూసేవాడు, ఇకపై మూడు చూడాలి. నోటీసు టైపు చేయించి నా చేతికిచ్చారు. గేటు పక్కన గోడకు జిగురు పూసి నేనే అంటించాను. మర్నాడు ఉదయం షిఫ్టుకు మనుషులు వచ్చారు, లోపలికి వచ్చి మగ్గాల పక్కన నిలబడ్డారు. ఒక్క మగ్గమూ కదలలేదు. సాయంత్రం నేను రాసిన రిపోర్టులో ఒకటే వాక్యం: ‘కార్మికులు మార్పుకు సుముఖంగా లేరు.’

ఆ వాక్యం గుర్తుపెట్టుకోండి. చదువుకున్న మేనేజర్లు ఇప్పటికీ అదే వాక్యాన్ని మంచి ఇంగ్లీషులో రాస్తున్నారు.

తొమ్మిది రోజులు గడిచాయి. గేటు బయట టీ బడ్డీ దగ్గర ఒక ముసలి నేతగాడు నా పక్కన కూర్చున్నాడు. ‘బాబూ, మూడో మగ్గం నడపలేక కాదు. పోగు నిలబడితే నాలుగైనా నడుపుతాం. నార ఎన్ని రోజులు మాగుతోందో ఎప్పుడైనా వెళ్లి చూశావా?’ అన్నాడు. చూడలేదు. నాది నేత ఖాతా. నార మెత్తబడటానికి నూనె, నీళ్లు కలిపి చల్లి కుప్పలుగా మాగబెట్టే ఖాతా మిల్లుకు ఆ చివర ఉంటుంది. అటువైపు వెళ్లాల్సిన పని నాకు ఎన్నడూ పడలేదు. వెళ్లి చూస్తే, సరుకు తొందరగా బయటికి పంపాలని మాగబెట్టే రోజులు తగ్గించేశారు. సరిగ్గా మాగని నారతో వడికిన నూలు పెళుసుగా ఉంటుంది. పడుగులో పోగు తెగితే మగ్గం ఆగుతుంది, అతికేదాకా నేత లేదు. నేసిన దాన్ని బట్టి కూలి కాబట్టి, మగ్గం ఆగిన ప్రతిసారీ నేతగాడి జేబుకు చిల్లు. ఉన్న రెండు మగ్గాల పోగులు అతకడానికే మనిషి చాలడం లేదు, మూడోది ఇస్తే మూడూ ఆగుతాయి.

ఒక షిఫ్టంతా నిలబడి, పోగు తెగినప్పుడల్లా సిగరెట్టు పెట్టె వెనక పెన్సిలుతో గీత గీశాను. పెట్టె సరిపోలేదు, ఇంకొకటి అడుక్కోవాల్సి వచ్చింది. (సిగరెట్లు నావి కావు, నానమ్మకు ఈ ఉత్తరం చూపించినా ఫరవాలేదు.) ఆ గీతలు మేనేజర్ ముందు పెట్టాక నార మాగబెట్టే రోజులు మళ్లీ పెంచారు. మూడో మగ్గం ముందు ఇష్టపడ్డవాళ్లకే ఇచ్చారు. చాలామంది ఒప్పుకున్నారు. కొందరు చివరి వరకూ ఒప్పుకోలేదు, ఇద్దరు మానేసి వెళ్లిపోయారు. వాళ్లతో నేను ఒక్కసారైనా కూర్చుని మాట్లాడలేదు. ఆ మిల్లు తరువాతి కాలంలో మూతపడింది, దానికి కారణాలు వేరు. ఈ కథలో నేను మిల్లును కాపాడానని ఎవరూ అనుకోవద్దు.

ఆ తరువాతే ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో మేనేజ్‌మెంట్ డిప్లొమా కట్టాను. వాల్తేరు వెళ్లి కాంటాక్టు క్లాసులో కూర్చున్న రోజున ఒక పేజీ చదివి సిగ్గుపడ్డాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో మారియన్ అనే చిన్న ఊరు, అక్కడ హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీ. పని పద్ధతి మార్చినప్పుడల్లా కుట్టేవాళ్లు మొండికేయడం, మానేయడం జరుగుతుండేది. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ ఒక ప్రయోగం చేసి 1948లో ప్రచురించారు. ఒక బృందానికి మార్పు గురించి చెప్పి ఊరుకున్నారు. ఇంకొక బృందం నుంచి ప్రతినిధులను పిలిచి సంప్రదించారు. మరికొన్ని బృందాల్లో అందరినీ కూర్చోబెట్టి, కొత్త పద్ధతిని వాళ్లతోనే తయారు చేయించారు. చెప్పి ఊరుకున్న బృందంలో ఉత్పత్తి పడిపోయి లేవలేదు, మొదటి నలభై రోజుల్లో 17 శాతం మంది మానేశారు. అందరూ పాలుపంచుకున్న బృందాలు త్వరగా తేరుకుని పాత స్థాయిని దాటాయి. నేను నోటీసు అంటించడానికి 38 ఏళ్ల ముందే ఇదంతా అచ్చులో ఉంది. అమ్మా, చదువు ఎందుకు అని అడిగితే నా దగ్గరున్న మొదటి జవాబు ఇదే. ఎవరో ఎక్కడో పడ్డ గోతిలో మనం మళ్లీ పడకుండా ఉండొచ్చు.

ఆ ప్రయోగం వెనక ఉన్న గురువు కర్ట్ లెవిన్. జర్మనీలో హిట్లర్ వచ్చిన ఏడాది, 1933లో, అమెరికాకు వలస వెళ్లిన యూదు మనస్తత్వవేత్త. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మంచి మాంసం కొరత. జంతువుల గుండె, మూత్రపిండాలు వండుకోమని గృహిణులను ఒప్పించాలి. కొందరికి ఉపన్యాసం ఇప్పించాడు. కొందరిని గుంపుగా కూర్చోబెట్టి, వాళ్లలో వాళ్లే చర్చించి నిర్ణయించుకోమన్నాడు. తరువాత వాకబు చేస్తే ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం, చర్చించినవాళ్లలో 32 శాతం వండారు. మన ఇంట్లో కాకరకాయ విషయంలో మీ నానమ్మ ముప్పై ఏళ్లుగా ఉపన్యాస పద్ధతినే నమ్ముకుంది. ఫలితం మీకు తెలుసు.

ఇప్పుడు క్లాసులో నీకు లెవిన్ పేరుతో మూడు దశలు చెబుతారు: గడ్డకట్టిన దాన్ని కరిగించు, మార్చు, మళ్లీ గడ్డకట్టించు. పరీక్షలో రాయి, మార్కులు వస్తాయి. ఆయన రాసిన వాటిలో మాత్రం దీనికి దక్కిన చోటు చాలా తక్కువ. ఆయన 1947లో చనిపోయాక ఇతరులు పెంచి పెద్ద చేశారని తరువాతి పరిశోధకులు చూపించారు. అలాగే ‘సంస్థల్లో మార్పు ప్రయత్నాలు 70 శాతం విఫలమవుతాయి’ అనే అంకె ప్రతి స్లైడులోనూ కనిపిస్తుంది. మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు 2011లో దాని మూలాలు వెతికితే గట్టి ఆధారం ఏదీ దొరకలేదు. పీజీ స్థాయిలో చదవడమంటే ఇదే అనుకుంటాను, మేష్టారు చెప్పిన అంకెను కూడా ‘ఎక్కడిది?’ అని అడగగలగడం. మర్యాదగా అడుగు.

సంస్థలో మార్పు తేవడానికి హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ కాటర్ చెప్పిన ఎనిమిది మెట్లు కూడా వస్తాయి, 1995 నాటివి. ముందు తొందర పుట్టించాలి, తరువాత బలమైన బృందాన్ని కట్టాలి, రేపు ఎలా ఉండాలో ఒక దృశ్యం చూపాలి, మధ్యలో చిన్న చిన్న గెలుపులు దక్కేలా చూడాలి, ఇలా సాగుతాయి. మంచి జాబితానే. నాకున్న అభ్యంతరం ఒక్కటే, అది మేడ మీద నిలబడి కిందికి చూసేవాడి జాబితా. టీ బడ్డీ దగ్గరి ముసలాయన ఏ మెట్టు మీద కూర్చోవాలో అందులో నాకు కనబడలేదు.

ఎడ్గార్ షైన్ చెప్పింది మాత్రం వదలకుండా చదువు. ఒక సంస్థ సంస్కృతికి మూడు పొరలు ఉంటాయన్నాడు. పైన కంటికి కనబడేవి, వాటి కింద నోటితో చెప్పుకునే విలువలు, అట్టడుగున ఎవరూ చెప్పకుండానే అందరూ నమ్మేవి. మా మిల్లు గోడ మీద ‘భద్రతే ముందు’ అని పెద్ద అక్షరాలు ఉండేవి. యంత్రానికి ఉండాల్సిన రక్షణ కవచం అడ్డమని తీసి పక్కన పెట్టేవారు, అందరికీ తెలుసు, నాకూ తెలుసు. గోడ మీది అక్షరాలను చూసి ‘ఈ సంస్థ ఇలాంటిది’ అని రాసే విద్యార్థి గోడను చదివినట్టు, సంస్థను కాదు.

అధికారం వేరు, నాయకత్వం వేరు అని హార్వర్డ్‌లో రొనాల్డ్ హైఫెట్జ్ పాఠం చెప్పాడు. దానికి అమెరికా కంపెనీల ఉదాహరణలు ఇస్తారు. నువ్వు క్లాసులో మన ఉదాహరణ చెప్పు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఒక బడిపంతులు. పర్లాకిమిడిలో ఉద్యోగం. చదువుకున్నది మన విజయనగరంలో, గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. తెలుగు పుస్తకాలన్నీ మనుషులు మాట్లాడని గ్రాంథికంలో ఉంటే పిల్లలకు చదువు ఎలా వస్తుందని బడుల ఇన్‌స్పెక్టరు యేట్స్‌కు అనుమానం వచ్చింది. పుస్తకాలు వాడుక భాషలో రావాలంటూ ఆ అనుమానం చుట్టూ ఒక చిన్న బృందం తయారైంది: యేట్స్, విశాఖలో ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు. కాటర్ చెప్పిన బృందం అచ్చంగా ఇదే, అప్పటికి కాటర్ పుట్టలేదు.

అయినా గెలవలేదు చూడు. 1911లో జయంతి రామయ్య పంతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించి గట్టిగా ఎదిరించారు. మద్రాసు విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. దానితో విభేదిస్తూ 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం ఇచ్చి, మరుసటి ఏడాది కన్నుమూశారు. నీ సబ్జెక్టులో ఇది ‘విఫలమైన మార్పు’ అనే అధ్యాయంలో పడాలి. గిడుగు ఏం చేశారంటే 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనలనే తీసి, వాళ్లు తమ వ్యాకరణాన్ని తామే ఎన్ని చోట్ల తప్పారో పేజీలు పేజీలుగా చూపించారు. షైన్ చెప్పిన పైపొరకూ అడుగుపొరకూ మధ్య ఉన్న దూరాన్ని అచ్చు వేసి అమ్మారన్నమాట! పండితులను వెక్కిరించడానికే చేశారని కొందరు అంటారు. నాకలా అనిపించదు. జీవభాష వాళ్ల కలంలోంచే తన్నుకు వస్తోందని ఆయన వినగలిగారు.

ఆయనకు ఆ చెవి ఎక్కడిదంటే, గిరిజనులైన సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఏళ్లు పట్టింది. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు నడిపించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940లో పోయారు. ఈ రోజు నేను మీకు రాస్తున్న ఈ ఉత్తరం ఎవరి తెలుగులో ఉందో చూసుకోండి.

ఇక నీ ప్రాజెక్టు మాట. ఏదో ఒక సంస్థలో జరుగుతున్న మార్పును అధ్యయనం చేసి నివేదిక రాయాలట కదా. మేనేజర్ గదిలో కూర్చుని మనుషులను ఒక్కొక్కరినే పిలిపించకు. ఆ గదిలో నిజం ఎవరూ చెప్పరు. వాళ్లు టీ తాగే చోటికి నువ్వే వెళ్లు. ‘ఈ మార్పు మీకు ఇష్టమేనా?’ అని అడగకు, ‘మొన్న సోమవారం పని ఎలా జరిగింది, మొదటి నుంచి చెప్పండి’ అని అడుగు. పేర్లు రాయనని మాట ఇస్తే నిలబెట్టుకో, మార్కులు తగ్గినా సరే. పక్క ఖాతాకు కూడా వెళ్లిరా, నీ పట్టికలో అది లేకపోయినా. లెక్కపెట్టగలిగింది లెక్కపెట్టు. నా పెన్సిలు గీతలు నా డిప్లొమాకన్నా ఎక్కువ పని చేశాయి.

మీ నాన్నతో మాత్రం వాదన పెట్టుకోకు. వాడికి నేనే నచ్చజెబుతాను, ఉపన్యాసం ఇవ్వకుండా.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. అందరూ రండి. ముందు రోజే చేరుకోండి, ఆ రోజు బస్సులు, రైళ్లు కిక్కిరిసిపోతాయి. మూడు లాంతర్ల దగ్గర మన దూరపు బంధువుల డాబా ఉంది, అక్కడి నుంచి బాగా కనబడుతుంది. ఆ నోటీసు కాపీ నా ఇనప్పెట్టెలో ఇంకా ఉంది, కింద నా సంతకంతో సహా. కాగితం పసుపు పచ్చబడింది. పెద్దమ్మాయీ, వచ్చినప్పుడు అడిగి తీసుకో, నీ ప్రాజెక్టుకు పనికొస్తే పెట్టుకో.

ఇట్లు,
మీ తాతయ్య