పదేళ్ల నిషేధం, పది తూటాల మ్యాగజైన్

అమెరికాలో ఏ బడిలోనో, ఏ మాల్‌లోనో కాల్పులు జరిగితే చాలు, టీవీ చర్చల్లోకి 1994 వచ్చేస్తుంది. ఆ ఏడాది మిలిటరీ తరహా రైఫిళ్లను దేశమంతటా నిషేధించారు. 2004లో ఆ నిషేధం గడువు తీరి పోయింది. ఉన్నన్నాళ్లూ ప్రాణాలు కాపాడిందని ఒక పక్షం, దండగమారి చట్టమని ఇంకో పక్షం. ఇద్దరూ కొట్టుకునేది రైఫిల్ గురించే. ఆ చట్టంలో పెద్దగా ఎవరికీ పట్టని భాగం ఇంకొకటి ఉంది. నా లెక్కలో అసలు సంగతి అదే.

ముందు తుపాకీ సంగతి. 1950ల చివర్లో కాలిఫోర్నియాలోని ఆర్మలైట్ అనే చిన్న కంపెనీలో యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు కలిసి ఏఆర్-15ను తయారుచేశారు. 1959లో దాని హక్కులను కోల్ట్ కంపెనీ కొనుక్కుంది. అదే ఎం-16 పేరుతో వియత్నాం యుద్ధానికి వెళ్లింది. 1964 నుంచి కోల్ట్ దాన్నే కొద్ది మార్పుతో మామూలు జనానికీ అమ్మడం మొదలుపెట్టింది. సైన్యం రకంలో ట్రిగ్గర్ నొక్కిపట్టి ఉంచితే తూటాలు ధారగా వస్తాయి. జనానికి అమ్మే రకంలో ఒక్కసారి నొక్కితే ఒక్క తూటానే. అంటే ఇది మెషిన్ గన్ కాదు. మెషిన్ గన్‌ల మీద 1934లోనే 200 డాలర్ల పన్ను వేశారు. అప్పట్లో అది మామూలు సొమ్ము కాదు. 1986 తర్వాత తయారైన మెషిన్ గన్‌ను జనం కొనడానికే వీల్లేదు. గొడవంతా ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా కాల్చే ఈ మధ్యరకం గురించే.

అది గొడవగా మారింది 1989 జనవరి 17న. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణంలో క్లీవ్‌లాండ్ ప్రాథమిక పాఠశాల ఆవరణలోకి ఒకడు ఏకే తరహా రైఫిల్‌తో వచ్చి మూడు నిమిషాల్లో వందకు పైగా తూటాలు కాల్చాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. వాళ్ల తల్లిదండ్రులు కంబోడియా, వియత్నాం యుద్ధాల నుంచి ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరినవాళ్లు. ఆ ఏడాదే కాలిఫోర్నియా ఈ రకం తుపాకులపై నిషేధం తెచ్చింది. అలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. వాషింగ్టన్‌లో సీనియర్ బుష్ ప్రభుత్వం 43 రకాల విదేశీ రైఫిళ్ల దిగుమతిని ఆపింది. స్వదేశంలో తయారయ్యేవాటి జోలికి మాత్రం పోలేదు.

1991 అక్టోబరులో టెక్సస్‌లోని కిలీన్‌లో ఒక కెఫెటేరియాలో 23 మంది హతమయ్యారు. మర్నాడే ప్రతినిధుల సభలో నిషేధం ప్రతిపాదన ఓటుకు వచ్చి వీగిపోయింది. హంతకుడు వాడినవి రెండూ పిస్టళ్లే, రైఫిల్ కాదు. 1993 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆఫీసు భవనంలో ఎనిమిది మంది చనిపోయారు. అక్కడా ప్రధానంగా వాడింది టెక్-9 రకం పిస్టలే. ఆ ఊరికి ఒకప్పటి మేయరు డయాన్ ఫైన్‌స్టైన్ అప్పటికి సెనేటర్. 1978లో సిటీ హాల్‌లో తన సహచరుడు హార్వీ మిల్క్‌ను కాల్చి చంపినప్పుడు మొదట శవం దగ్గరికి వెళ్లింది ఆమే. నాడి చూద్దామని చెయ్యి పెడితే వేలు తూటా చేసిన రంధ్రంలోకి దిగింది. మీకు తుపాకుల గురించి ఏం తెలుసని ఒక సెనేటర్ సభలో దెప్పినప్పుడు ఆమె ఆ సంగతే గుర్తుచేసింది. నిషేధాన్ని నేరాల నియంత్రణ కోసం తెస్తున్న క్రైమ్ బిల్లులో చేర్పించే బాధ్యత భుజాన వేసుకున్నదీ ఆమే.

1994 మేలో మాజీ అధ్యక్షులు ఫోర్డ్, కార్టర్, రీగన్ ముగ్గురూ కలిసి నిషేధానికి మద్దతుగా ప్రతినిధుల సభకు లేఖ రాశారు. ఇవాళ్టి రిపబ్లికన్ పార్టీని చూసినవాళ్లకు అందులో రీగన్ సంతకం ఉందంటే నమ్మబుద్ధి కాదు. అంత మద్దతు ఉన్నా బిల్లు గట్టెక్కింది 216-214తో. సెప్టెంబరు 13న క్లింటన్ సంతకం చేశారు. ఓట్లు కూడగట్టడానికి ఒప్పుకున్న రాజీలన్నీ చట్టంలోకి వచ్చి చేరాయి. పదేళ్లకు తనంతట తానే రద్దయిపోవాలి. అప్పటికే జనం దగ్గరున్న తుపాకుల్ని ముట్టుకోకూడదు. వాటిని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు కూడా. అలాంటివి అప్పటికి 15 లక్షల దాకా ఉన్నాయని అంచనా.

ఏది నిషేధమో తేల్చిన తీరు ఇంకా విచిత్రం. కొన్ని మోడళ్లను పేరుపెట్టి నిషేధించారు. మిగతావాటికి లక్షణాల పట్టిక. మ్యాగజైన్, అంటే తూటాలు నింపే డబ్బా, ఊడదీసి మార్చుకోగలిగే రైఫిల్‌కు మడతపెట్టే బట్, పిస్టల్ పిడి, బాయ్‌నెట్ (తుపాకీ కొనన పెట్టే కత్తి) బిగించే కొక్కెం, మంట కనబడకుండా చేసే గొట్టం లాంటివాటిలో రెండు ఉంటే నిషేధం. ఒకటే ఉంటే ఫర్వాలేదు. అమెరికా నేరాల్లో బాయ్‌నెట్‌తో పొడిచి చంపినవెన్నో నాకైతే తెలియదు గానీ, కంపెనీలకు దారి మాత్రం దొరికింది. కొక్కెం కోసేసి, గొట్టం తీసేసి, అదే తుపాకీని కొత్త పేరుతో షాపులో పెట్టాయి. పాత బండికి కొత్త నంబర్ ప్లేటు తగిలించినట్టు. కోల్ట్ తన ఏఆర్-15ను 'మ్యాచ్ టార్గెట్' అంది. టెక్-9 తయారుచేసిన కంపెనీ తన కొత్త రకానికి ఏబీ-10 అని పేరు పెట్టింది. ఏబీ అంటే 'ఆఫ్టర్ బ్యాన్', నిషేధం తర్వాత అని. వెక్కిరింపు కూడా దాచుకోలేదు.

ఇక పట్టించుకోని ఆ రెండో భాగం మ్యాగజైన్. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ కొత్తగా తయారుచేసి జనానికి అమ్మకూడదని అదే చట్టం చెప్పింది. ఇది రైఫిల్‌కే కాదు, పిస్టల్‌కూ వర్తిస్తుంది. తుపాకీ ఎలా కనబడుతుందన్న ప్రశ్న దీనికి అక్కర్లేదు. ఆగకుండా ఎన్నిసార్లు కాల్చగలదన్నదే లెక్క. కాకపోతే ఇక్కడా పాత సరుక్కు మినహాయింపు ఇచ్చారు. దాంతో నిషేధానికి ముందు తయారైన మ్యాగజైన్లు విదేశాల నుంచి కూడా లక్షల్లో వచ్చిపడ్డాయి.

ఈ తేడా ఏమిటో 2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్‌లో తెలిసింది. సూపర్‌మార్కెట్ బయట కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ జనంతో మాట్లాడుతుండగా ఒకడు గ్లాక్ పిస్టల్‌తో కాల్చాడు. దానికి 33 తూటాల మ్యాగజైన్ తగిలించాడు. 2004 దాకా అలాంటిది కొత్తది దొరికేది కాదు. మొత్తం కాల్చేసి రెండోది బిగించబోతుంటే పక్కనున్నవాళ్లు మీదపడి పట్టుకున్నారు. కొత్త మ్యాగజైన్ వాడి చేతికి చిక్కకుండా లాక్కుంది ఒక పెద్దావిడ. ఆరుగురు చనిపోయారు, వాళ్లలో తొమ్మిదేళ్ల పాప ఉంది. గిఫర్డ్స్ భర్త మార్క్ కెల్లీ తర్వాత సెనేట్ కమిటీ ముందు చెప్పింది ఇదీ: ఆ పాపకు తగిలింది పదమూడో తూటా, పది తూటాలకే వాడు ఆగి మార్చుకోవాల్సి వచ్చి ఉంటే పాప బతికేది.

అయితే దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. నిషేధం అమల్లో ఉండగానే 1999లో కొలంబైన్ హైస్కూల్‌లో 13 మందిని కాల్చి చంపిన ఇద్దరిలో ఒకడు చట్టానికి లోబడిన కార్బైన్ (పొట్టి రైఫిల్) తెచ్చాడు. దానికి పది తూటాల మ్యాగజైన్లే, కాకపోతే 13 తెచ్చుకున్నాడు. ఎదురుగా పెద్దవాళ్లు లేనిచోట, తలుపు వేసిన గదిలో పిల్లలున్నచోట మ్యాగజైన్ మార్చే రెండు మూడు సెకన్లలో ఎవరు మీదపడతారు?

పదేళ్లయ్యాక ఫలితం లెక్కగడదామంటే లెక్క తేలలేదు. న్యాయశాఖ కోసం క్రిస్టఫర్ కోపర్ చేసిన అధ్యయనం, తుపాకీ హింస మొత్తం మీద ప్రభావం ఉన్నా బహుశా కొలవలేనంత చిన్నదేనని 2004లో తేల్చింది. వింతేం లేదు. అమెరికాలో తుపాకీ హత్యల్లో అత్యధికం పిస్టళ్లతో జరిగేవే, రైఫిళ్ల వాటా చాలా తక్కువ. అక్కడ మన తెలుగువాళ్లు చనిపోయిన ఘటనల్లో అందరికీ గుర్తుండే 2017 నాటి ఒలేత్ కాల్పుల్లోనూ వాడింది పిస్టలే. ఒకేసారి పలువురిని కాల్చి చంపే మాస్ షూటింగ్‌లను మాత్రమే విడిగా తీసి చూసిన తర్వాతి పరిశోధకుల్లో కొందరికి నిషేధ కాలంలో మరణాలు తక్కువ కనబడ్డాయి. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ఈ అధ్యయనాలన్నీ వడపోసి, తుపాకీ నిషేధం విషయంలో ఏమీ తేలలేదని, పెద్ద మ్యాగజైన్ల నిషేధం మాస్ షూటింగ్‌లను తగ్గించవచ్చనడానికి మాత్రం పరిమితంగా ఆధారం ఉందని చెప్పింది. అయినా చర్చ రైఫిల్ దగ్గరే ఆగిపోతుంది. పోస్టర్ మీద మ్యాగజైన్ బొమ్మ వేస్తే ఎవరు చూస్తారు?

2004 తర్వాత కథ చాలావరకు తెలిసిందే. 2012 డిసెంబరులో కనెటికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. కనెటికట్‌లో 1993 నుంచే రాష్ట్ర నిషేధం ఉంది, కానీ హంతకుడి రైఫిల్ ఆ చట్టం ప్రకారం చెల్లుబాటయ్యేదే. అవే లక్షణాల లెక్కలు మరి. వాడు అయిదు నిమిషాల్లోపే ఆ రైఫిల్‌తో 154 తూటాలు కాల్చాడు, మ్యాగజైన్లు 30 తూటాలవి. మరుసటి ఏప్రిల్‌లో ఫైన్‌స్టైన్ కొత్త బిల్లుకు సెనేట్‌లో వచ్చినవి 40 ఓట్లు. 2022లో టెక్సస్‌లోని యువాల్డేలో బడి కాల్పుల తర్వాత ప్రతినిధుల సభ 217-213తో నిషేధం పాస్ చేసింది, సెనేట్‌లో అది కదల్లేదు. 2023 మేలో డాలస్ శివారు అలెన్‌లో మాల్ దగ్గర ఏఆర్ తరహా రైఫిల్‌కు ఎనిమిది మంది బలయ్యారు. వాళ్లలో హైదరాబాద్ అమ్మాయి, ఇంజనీరు, ఉంది. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ అంటే తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ చోట్లు. ఆ వారమంతా అక్కడి వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

న్యూజిలాండ్‌లో 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపాక నెల తిరక్కుండానే చట్టం వచ్చింది. పార్లమెంటులో వ్యతిరేకించింది ఒకే ఒక్కరు. ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. ఆ రెండు దేశాల రాజ్యాంగాల్లో తుపాకీ హక్కు లేదు. అమెరికా రాజ్యాంగంలో ఆ హక్కు ఇచ్చే రెండో సవరణ ఉంది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు, చట్టబద్ధమైన అవసరాలకు జనం మామూలుగా వాడుకునే ఆయుధాలకు దాని రక్షణ ఉంటుందంది.

ఇప్పుడు పోరంతా రాష్ట్రాల్లో, కోర్టుల్లో. ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023లో నిషేధం తెచ్చాయి, రోడ్ ఐలాండ్ 2025లో అమ్మకాలు ఆపేందుకు చట్టం చేసింది. మేరీల్యాండ్ నిషేధంపై అప్పీలును 2025 జూన్‌లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు గానీ, ఒకటి రెండేళ్లలో ఈ ప్రశ్నను తేల్చాల్సిందేనని జస్టిస్ కావనా విడిగా రాశారు. తేల్చే రోజు వచ్చినప్పుడు తుపాకీ పక్షం ముందుపెట్టబోయే లెక్క సిద్ధంగానే ఉంది. ఇలాంటి రైఫిళ్లు దేశంలో రెండు కోట్లు దాటాయన్నది పరిశ్రమ సంఘం అంచనా. ఇన్ని కోట్లున్నది మామూలు వాడకం కాదా అంటారు. 1994లో లక్షల్లో ఉన్నవి కోట్లు కావడానికి ఒక కారణం నిషేధం మాటే. శాండీ హుక్ తర్వాతా అంతే, నిషేధం వస్తుందేమోనన్న ప్రతిసారీ వచ్చేలోగా కొనేద్దామని జనం షాపుల ముందు బారులు తీరారు.