ఇంజిన్ ఆయిల్ ఎంపిక: 5డబ్ల్యూ-30 అని అడిగితే సరిపోతుందా? అపోహలు – వాస్తవాలు

కారు సర్వీసింగ్ రంగంలో ఉన్నవారికి రోజూ వినిపించే మాట ఒకటుంది: "మా బండికి 5డబ్ల్యూ-30 పొయ్యండి." ఆ మాటలో తప్పు లేదు కానీ, అడగవలసిన దానిలో అది సగం మాత్రమే. మిగతా సగం, అంటే ఆయిల్ పాటించవలసిన ప్రమాణం, ఓనర్స్ మాన్యువల్‌లో ఆ అంకె పక్కనే అచ్చయి ఉంటుంది. దాన్ని చదివేవారు తక్కువ.

అపోహ: డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే ఏ కంపెనీదైనా ఒకటే.

వాస్తవం: 5డబ్ల్యూ-30 అనేది వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ వారి జే300 ప్రమాణం చిక్కదనానికి ఇచ్చిన తరగతి మాత్రమే. మొదటి అంకె చలిలో, రెండోది వేడిలో చిక్కదనాన్ని సూచిస్తుంది; అంకె పెరిగితే ఆయిల్ చిక్కనిది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం) మధ్య ఉండాలని, 150 డిగ్రీల వేడిలో తీవ్రమైన ఒరిపిడికి గురైనప్పుడు కూడా కనీసం 2.9 (మిల్లీపాస్కల్-సెకన్లు అనే వేరే కొలతలో) చిక్కదనం నిలవాలని ఆ ప్రమాణం చెబుతుంది. అందులో ఏ రసాయనాలు కలిపారో, అది కాలితే ఎంత బూడిద మిగులుతుందో చెప్పదు. పెట్రోల్ కార్ల కోసం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఎస్‌పీ, ఆయిల్ ప్రమాణాల కమిటీ ఐల్‌శాక్ జీఎఫ్-6ఏ ప్రమాణాలతో తయారైన 5డబ్ల్యూ-30 ఒకటి, యూరప్ తయారీదారుల సంఘం ఏసీఈఏ సీ3 ప్రమాణంతో తయారైన 5డబ్ల్యూ-30 మరొకటి పక్కపక్కన పెట్టి చూడండి. అంకె ఒకటే. అయితే సీ3 ఆయిల్ అదే 150 డిగ్రీల పరీక్షలో 2.9 కాదు, కనీసం 3.5 చూపించాలి, దాని సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం దాటకూడదు. అదే ఏసీఈఏ వారి ఏ3/బీ4 తరగతిలో బూడిద 1.6 శాతం వరకు ఉండవచ్చు.

ఈ బూడిద లెక్క మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి, అంటే బీఎస్6 (భారత్ స్టేజ్ 6) కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చిన నాటి నుంచి, డీజిల్ కార్ల యజమానులకు నేరుగా సంబంధించిన విషయమయింది. బీఎస్6 డీజిల్ కార్ల సైలెన్సర్ మార్గంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో పేరుకున్న మసిని ఇంజిన్ అప్పుడప్పుడు తనంతట తానే కాల్చివేస్తుంది కానీ, ఆయిల్‌లోని లోహ రసాయనాల నుంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే ఉండిపోతుంది. పాత బీఎస్4 డీజిల్ బండికి అలవాటైన ఆయిలే కొత్త బండిలోనూ పోస్తే ఇంజిన్‌కు వెంటనే ఏమీ కాకపోవచ్చు. ఫిల్టర్ మాత్రం ఉండవలసిన దానికంటే ముందే పూడుకుపోతుంది. దాని ఖరీదు ముందు ఆయిల్‌లో మిగుల్చుకున్న డబ్బు లెక్కలోకి రాదు.

అపోహ: మన ఎండలకు పల్చటి ఆయిల్ పనికిరాదు, 20డబ్ల్యూ-50 వేయించుకోవాలి.

వాస్తవం: రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటినా, ఇంజిన్ లోపలి వేడిని నిర్ణయించేది ప్రధానంగా థర్మోస్టాట్, శీతలీకరణ వ్యవస్థలే. బయట చలిగా ఉన్నా ఎండగా ఉన్నా, వేడెక్కి నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ సుమారు 100 డిగ్రీల చుట్టుపక్కలే పనిచేస్తుంది. సాధారణ 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 60 సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉండి, 100 డిగ్రీలకు చేరేసరికి 10 లేదా 11కు దిగుతుంది. అంటే మండుటెండలో స్టార్ట్ చేసినప్పుడు కూడా ఆయిల్ ఇంజిన్‌కు కావలసిన దానికంటే చాలా చిక్కగానే ఉంటుంది. మారుతీ సుజుకీ కొత్త కె-సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16 సూచిస్తుంది; అలాంటి ఇంజిన్‌లో బేరింగుల ఎడం, ఆయిల్ పంపు, వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం ఆ పల్చదనానికి తగినట్టే రూపొందుతాయి. అందులో 20డబ్ల్యూ-50 పోయడం రక్షణ కాదు.

అయితే ఈ అపోహలో కొంత నిజం లేకపోలేదు. కొన్ని మాన్యువళ్లలో ఉష్ణోగ్రత పట్టిక ఇచ్చి రెండు మూడు గ్రేడ్లను అనుమతిస్తారు. నిండా జనంతో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే ట్యాక్సీకి, ఆ పట్టికలో ఉన్నవాటిలో చిక్కనిది ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పట్టికలో లేనిది మాత్రం వద్దు.

అపోహ: ఏపీఐ వారి తాజా అక్షరం ఉంటే ఇక ఏమీ చూడనక్కరలేదు.

వాస్తవం: పెట్రోల్ కార్లలో ఇది చాలావరకు నిజం. 2010లో వచ్చిన ఎస్ఎన్ అడిగిన బండికి 2020 నాటి ఎస్‌పీ గానీ 2025 నాటి ఎస్‌క్యూ గానీ, చిక్కదనం మాన్యువల్‌లో చెప్పినదే అయితే, నిశ్చింతగా వాడవచ్చు. టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) పెట్రోల్ ఇంజిన్లకైతే ఎస్‌పీ తప్పనిసరిగా చూడవలసిన అక్షరం. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు, స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టే ప్రమాదం ఈ ఇంజిన్లలో ఉంది. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దాన్ని పెంచుతాయని తేలినందున, కొత్త ఆయిళ్లలో కాల్షియంలో కొంత భాగాన్ని తగ్గించి మెగ్నీషియం వాడుతున్నారు. కొట్లో మిగిలిపోయిన పాత ఎస్ఎన్ డబ్బా చవకగా ఇస్తామన్నా టర్బో కారుకు తీసుకోకండి.

కారు కంపెనీల సొంత ఆమోదాలకు ఈ సూత్రం వర్తించదు. ఫోక్స్‌వ్యాగన్ 508.00 ప్రమాణం 504.00 తర్వాత వచ్చినదే అయినా, 504.00 కోరే ఇంజిన్‌లో దాన్ని పోయకూడదు. అది 0డబ్ల్యూ-20, అంటే మరింత పల్చటి ఆయిల్.

అపోహ: ఫుల్లీ సింథటిక్ అని రాసి ఉంటే ఏ కారుకైనా శ్రేష్ఠమే.

వాస్తవం: ఆ మాట మూల నూనెను ఎలా తయారు చేశారో సూచిస్తుంది, మీ ఇంజిన్‌కు తగునో లేదో చెప్పదు. కారు సింథటిక్ ఆయిల్ మిగిలింది కదా అని గేర్ల బైక్‌లో పోసేవారికి ఒక మాట: కారు ఆయిళ్లలో ఒరిపిడి తగ్గించే రసాయనాలు ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌ను జారేలా చేయగలవు. బైక్‌కు జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు చూడాలి.

అపోహ: ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరిగిందంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: బీఎస్6 డీజిల్ కారులో ఇది ఆందోళన పడవలసిన సంగతి. డీపీఎఫ్‌లోని మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకి అదనంగా డీజిల్ చిమ్ముతాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నాలుగైదు కిలోమీటర్లు నడిపి బండి ఆపేస్తూ ఉంటే ఆ కాల్చే పని మధ్యలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద గరిష్ఠ గీత దాటి మట్టం కనిపించేది అందుకే. లోపల ఉన్నది అప్పటికి మీరు కొన్న గ్రేడ్ కాదు, అంతకంటే పల్చబడిన మిశ్రమం. కిలోమీటర్ల గడువు రాకపోయినా ఆయిల్ మార్పించాలి. అప్పుడప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట అరగంట పాటు నిలకడగా నడపడం వల్ల సమస్య మళ్లీ రావడం తగ్గుతుంది.

అపోహ: ఆయిల్‌తో పాటు అడిటివ్ (విడిగా అమ్మే అదనపు రసాయనాల) సీసా కూడా పోస్తే మంచిది.

వాస్తవం: ఫాస్ఫరస్, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది కాబట్టి, జీఎఫ్-6 ఆయిళ్లలో అది 0.08 శాతం మించకుండా లెక్కకట్టి కలుపుతారు. పై నుంచి పోసిన సీసా ఆ లెక్కను తారుమారు చేయవచ్చు.

అపోహ: డబ్బా మీద మన కారు కంపెనీ పేరుంటే ఆమోదం ఉన్నట్టే.

వాస్తవం: వాక్యం పూర్తిగా చదవాలి. ఫలానా కంపెనీ ఆమోదించింది అని నంబరుతో సహా రాస్తే, ఆ కంపెనీ ఆ ఆయిల్‌కు అనుమతి ఇచ్చిందని అర్థం. ఫలానా ప్రమాణాలకు తగినది, ఫలానా కార్లకు సిఫారసు చేస్తున్నాం అని రాస్తే, అది ఆయిల్ తయారీదారు ఇచ్చుకున్న మాట. రెండోది అబద్ధమని కాదు. వారంటీలో ఉన్న బండికి మాత్రం మొదటిదే తీసుకోవడం క్షేమం.

ఇక దారి మధ్యలో ఆయిల్ దీపం వెలిగి, సరైన ఆయిల్ దొరకని పరిస్థితి వస్తే? పసుపు రంగులో మట్టం తక్కువని చూపితే దొరికిన వాటిలో దగ్గరి గ్రేడ్ ఆయిల్ కొద్దిగా కలిపి గమ్యం చేరవచ్చు. కొన్ని యూరప్ కంపెనీల మాన్యువళ్లు ఇలా అర లీటరు వరకు అనుమతిస్తాయి. ఎర్రటి దీపం వెలిగితే అది పీడనం పడిపోయిందన్న హెచ్చరిక కాబట్టి, ఏ ఆయిల్ దొరుకుతుందా అని ముందుకు నడపకుండా అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, బండిని లాగించి వర్క్‌షాపుకు తీసుకువెళ్లాలి.