5 వోల్టులు ఎక్కడ పడిపోతున్నాయి?

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో చూశాను. 12 వోల్టులను 5కి తగ్గించే ఎల్ఎం2596 ఐసీ ఉన్న చిన్న నీలం బోర్డు, దానికి 12 వోల్టుల అడాప్టర్. లోడ్, అంటే కరెంటు వాడుకునేది ఏదీ లేనప్పుడు మీటర్‌లో 5.02 వస్తోంది, ఎల్‌ఈడీ స్ట్రిప్ తగిలించగానే 3.8కి పడిపోతోంది. ఐసీ పోయినట్టుంది, కొత్తది తెప్పించమంటారా అని అడిగారు. అప్పుడే వద్దు. లోడ్ లేకుండా 5 వోల్టులు నిలకడగా వస్తున్నాయంటే ఐసీ చాలావరకు బాగానే ఉన్నట్టు.

ఆ ఐసీ లోపల ఉన్నది ఒక స్విచ్. సెకనుకు లక్షన్నర సార్లు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది. ఆన్‌లో ఉన్నప్పుడు కరెంటు కాయిల్ గుండా లోడ్‌కి వెళ్తుంది, ఆఫ్ కాగానే కాయిల్‌లో దాచుకున్నది డయోడ్ దారిలో తిరుగుతూ లోడ్‌ని నడుపుతుంది. నాలుగో పిన్ను ఫీడ్‌బ్యాక్. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని రెండు రెసిస్టర్లు అక్కడికి తెచ్చిపెడతాయి. మీ బోర్డులో వాటిలో ఒకటి ఆ స్క్రూ ఉన్న నీలం ప్రీసెట్, అంటే స్క్రూ తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్. ఆ పిన్ను దగ్గర 1.23 వోల్టులు నిలబెట్టడమే ఐసీ పని.

అందుకే అవుట్‌పుట్ తక్కువగా ఉన్నప్పుడు నేను మొదట చూసేది ఆ పిన్నునే. అవుట్‌పుట్ తగ్గినా అక్కడ 1.23 ఉంటే, ఐసీ తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే, తప్పు రెసిస్టర్లది. ఉదాహరణకు కింద, అంటే గ్రౌండ్ వైపు 1 కె (వెయ్యి ఓమ్‌లు) ఉండి, పైన అవుట్‌పుట్ వైపు 3 కె బదులు 2.2 కె పడితే 5కి బదులు 3.9 వస్తుంది. అదే 1.23 కంటే తక్కువ ఉంటే, ఐసీ శక్తికొద్దీ లాగుతోంది కానీ అందడం లేదు. మీది ఈ రెండో రకమే అని నా నమ్మకం, లోడ్ లేనప్పుడు సరిగ్గానే వస్తోంది కాబట్టి.

కొలిచేటప్పుడు ఒక్క జాగ్రత్త. ప్రోబ్ జారి మూడో పిన్నునూ నాలుగో పిన్నునూ కలిపితే ఫీడ్‌బ్యాక్ సున్నా అవుతుంది, అవుట్‌పుట్ ఒక్కసారిగా 12 వైపు ఎగబాకుతుంది, స్ట్రిప్ కాలిపోతుంది. అందుకని స్ట్రిప్ తీసేసి, 4.7 ఓమ్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్‌ని లోడ్‌గా పెట్టుకోండి. వేడెక్కుతుంది, చేత్తో ముట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. ఫోటోలో అడాప్టర్ లేబుల్ పెద్దది చేసి చూశాను. 12 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 6 వాట్లు. మీ స్ట్రిప్‌కి 2 ఆంపియర్లు కావాలన్నారు. 5 వోల్టుల దగ్గర అది 10 వాట్లు. ఈ ఐసీ సామర్థ్యం 80 శాతం అనుకున్నా, అడాప్టర్ 12.5 వాట్లు ఇవ్వాలి. ఎక్కడి నుంచి వస్తాయి? అడాప్టర్ కుంగిపోతుంది. ఇన్‌పుట్ తగ్గిన కొద్దీ, అదే పవర్ కోసం ఐసీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇన్‌పుట్ ఇంకా పడుతుంది. 7 వోల్టుల కంటే దిగిందంటే 5 నిలబడడం కష్టం. ఇన్‌పుట్‌ని లోడ్ ఉండగానే కొలవాలి, లేకపోతే ఎప్పుడూ 12 చూపించి మోసం చేస్తుంది.

ఇన్‌పుట్ నిలబడి ఉంటే అప్పుడు డయోడ్ చూడండి. అక్కడ ఉండాల్సింది చాలా వేగంగా ఆఫ్ అయ్యే షాట్కీ రకం. ఒకసారి అది దొరక్క నేను 1ఎన్4007 అనే మామూలు నెమ్మది డయోడ్ వేశాను. లోడ్ లేనప్పుడు బాగానే ఉంది. లోడ్ పెట్టిన రెండు నిమిషాలకు ఐసీ మీద వేలు పెట్టలేకపోయాను, అవుట్‌పుట్ 4కి దిగింది, డయోడ్ కింద బోర్డు గోధుమ రంగుకి తిరిగింది. ఇక్కడ ఒక్కో సైకిల్ 7 మైక్రోసెకన్లు కూడా ఉండదు, ఆ నెమ్మది డయోడ్ ఆఫ్ కావడానికే మైక్రోసెకన్లు పడుతుంది. ఆ కాసేపూ కరెంటు వెనక్కి పారుతుంది. 1ఎన్5822 అనే షాట్కీ వేశాక చల్లబడింది.

వైర్ల సంగతి కూడా మర్చిపోకండి. జంపర్ వైర్లు సన్నగా ఉంటే బోర్డు దగ్గర 5 ఉన్నా స్ట్రిప్ చివర 4.5 రావచ్చు. రెండు చోట్లా కొలవండి.

అడాప్టర్ మాత్రం విప్పవద్దు నాన్నా. అందులో కెపాసిటర్ మీద 300 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ తీసినా కాసేపు అలాగే నిలిచి ఉంటుంది.

లోడ్ ఉండగా ఇన్‌పుట్ ఎంత, నాలుగో పిన్ను దగ్గర ఎంత, బోర్డు అవుట్‌పుట్ ఎంత, ఈ మూడూ కాగితం మీద రాసి పంపండి. 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ నా బల్ల సొరుగులో ఒకటి ఉంది, ఆదివారం వచ్చేటప్పుడు తెస్తాను.

మీ తాతయ్య