డీజిల్ కారు, రోజుకి పన్నెండున్నర పౌండ్లు: ఇది న్యాయమేనా?

ప్రియమైన పిల్లలూ,

"కొత్త కారు కొనగలిగినవాళ్లు ఒక్క పెన్నీ కట్టరు, పాత కారుతో నెట్టుకొస్తున్నవాళ్లే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలా? ఇదేం న్యాయం తాతగారూ?" అని అడిగారు కదా. లండన్‌లో ఈ పొగ చార్జీ ఉండాలనే నేను గట్టిగా నమ్ముతాను. అలాగని మీ ప్రశ్నని కొట్టిపారెయ్యను. అందులో చాలా నిజముంది.

యూలెజ్ అంటే, ఎక్కువ పొగ వదిలే బండి తిరిగిన రోజుకి ఈ చార్జీ కట్టాల్సిన ప్రాంతం. అది 2019 ఏప్రిల్లో నగరం నడిబొడ్డున మొదలైంది. 2021 అక్టోబరులో లోపలి లండన్ చుట్టూ ఉన్న నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల దాకా విస్తరించింది. 2023 ఆగస్టు 29న శివార్లలోని మన హ్యారోతో సహా లండన్ అంతటికీ వచ్చింది. కారు ఎంత పొగ వదలొచ్చో చెప్పే యూరప్ ప్రమాణాలున్నాయి, అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం. పెట్రోలు కారుకి కనీసం యూరో 4, డీజిల్ కారుకి యూరో 6 ప్రమాణం ఉంటే చార్జీ లేదు. అందుకని 2006లో కొన్న పెట్రోలు కారు చాలావరకు ఉచితంగానే తిరుగుతుంది, 2013లో కొన్న డీజిల్ కారుకి మాత్రం చాలావరకు డబ్బు కట్టాలి. అంటే ఈ దెబ్బ ఎక్కువగా తగిలింది డీజిల్ వాళ్లకి.

మరి వాళ్లు డీజిల్ ఎందుకు కొన్నట్టు? ఇది మీరు తప్పకుండా తెలుసుకోవాలి. 2001 నుంచి ఈ దేశంలో కొత్త కార్లకి రోడ్డు ట్యాక్స్‌ని కార్బన్ డయాక్సైడ్ లెక్కన వేశారు. డీజిల్ బండి ఆ వాయువు తక్కువ వదులుతుంది కాబట్టి దానికి ట్యాక్స్ తగ్గింది. ఊపిరితిత్తుల్ని పాడుచేసే నైట్రోజన్ డయాక్సైడ్‌ని ఆ లెక్కలో చేర్చనే లేదు. జనం ప్రభుత్వం చూపించిన దారిలోనే వెళ్లారు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ మోసం బయటపడింది: పరీక్షలో పొగ తక్కువ, రోడ్డు మీద ఎక్కువ వచ్చేలా ఇంజన్లలో సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆ కార్లు కొన్నవాళ్ల తప్పేముంది? ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి చేసిన తప్పుకి బిల్లు వాళ్ల ఇంటికొచ్చింది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

రాత్రి డ్యూటీ సంగతి ఇంకా కష్టం. చార్జీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఒక రోజు. మీ అమ్మానాన్నల్లో కొందరు ఆసుపత్రుల్లో, కేర్ హోముల్లో నైట్ షిఫ్టులు చేస్తారు. రాత్రి తొమ్మిదింటికి బయల్దేరి పొద్దున్న ఎనిమిదింటికి తిరిగొస్తే అది రెండు రోజుల కింద లెక్క, 25 పౌండ్లు. పగలు పనికెళ్లే ఆఫీసరుకి అందులో సగమే. ఈ నిబంధనని సమర్థించడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు.

పాత బండి ఇచ్చేస్తే కారుకి 2,000 పౌండ్లు సాయం ఇచ్చారు నిజమే. మొదట్లో అది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకీ వికలాంగులకీ మాత్రమే. లండన్‌లో అందరికీ వర్తింపజేసింది చార్జీ మొదలవడానికి కొద్ది రోజుల ముందే. పక్కనే వాట్‌ఫర్డ్‌లో ఉంటూ రోజూ ఇక్కడికి పనికొచ్చేవాళ్లకి అదీ లేదు, వాళ్లుండేది లండన్ హద్దు బయట కాబట్టి.

ఇంత చెప్పాక కూడా చార్జీ ఉండాలని ఎందుకంటున్నానో వినండి. లూయిషమ్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డుకి దగ్గర్లో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే పాప ఉండేది. ఆస్తమా ఎంత తీవ్రమంటే మూడేళ్ల వ్యవధిలోనే ఇరవై సార్లకి పైగా ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. తొమ్మిదేళ్లు, మీలో చిన్నవాళ్ల వయసే. వాళ్లమ్మ ఏళ్ల తరబడి పోరాడితే 2020 డిసెంబరులో కరోనర్ (చావుకి కారణం తేల్చే అధికారి) విచారణ తేల్చింది: గాలి కాలుష్యం ఆ పాప చావుకి ఒక కారణం. ఈ దేశంలో అలా నమోదు కావడం అదే మొదటిసారి. 2021లో యూలెజ్ హద్దు ఆ రోడ్డు దాకా వచ్చి ఆగింది, రోడ్డు మాత్రం బయటే ఉండిపోయింది. 2023 విస్తరణతోనే అది లోపలికొచ్చింది.

లండన్‌లో పది ఇళ్లలో సుమారు నాలుగింటికి కారే లేదు. పెద్ద రోడ్ల పక్కన అద్దె తక్కువని ఉండేవాళ్లలో ఇలాంటి కుటుంబాలు ఎన్నో. పొగ వాళ్లు వదల్లేదు, పీల్చేది మాత్రం వాళ్లే. చార్జీ తీసేస్తే కారున్నవాడికి డబ్బు మిగులుతుంది, ఆ పిల్లలకి మిగిలేది దగ్గే. న్యాయం మాట్లాడేటప్పుడు వాళ్లని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా? కారున్నవాళ్ల గొంతు కౌన్సిళ్ల దాకా, హైకోర్టు దాకా వెళ్లింది. 2023 విస్తరణని ఆపమని కేసు వేసిన ఐదు కౌన్సిళ్లలో హ్యారో కూడా ఒకటి. 2023 జూలైలో కోర్టు ఆ కేసు కొట్టేసింది.

నేనైతే చార్జీ ఉంచి, రాత్రి షిఫ్టువాళ్లకి ఒక్క రోజు లెక్కే వేయమంటాను. హద్దు బయటవాళ్లకీ సాయం ఇవ్వమంటాను. అన్నిటికంటే ముందు, శివార్లలో కారు లేకపోయినా బతకగలిగేలా బస్సులు పెంచమంటాను. శివార్లని కలుపుతూ తక్కువ స్టాపులతో తిరిగే సూపర్‌లూప్ బస్సులు మంచి మొదలు, కానీ చాలవు. మీ ఇంటి దగ్గర స్టాపులో రాత్రి పదకొండు దాటాక ఏ బస్సు వస్తుందో, ఎన్ని నిమిషాలకొకటో చూసి రాసి పంపండి. అన్నీ కలిపి మన కౌన్సిలర్‌కి ఉత్తరం పెడదాం.

ప్రేమతో,
మీ తాతయ్య